మా ఇంట్లో పెరిగిన అక్కాచెల్లెళ్లు

మా అమ్మాయి రాజమండ్రిలో ప్రభుత్వాసుపత్రి నర్సు. ఎముకల వార్డులో పనిచేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ చేసింది. అన్నం తిన్నావా, నాన్న మార్కెట్ నుంచి వచ్చారా అని ఎప్పుడూ అడిగే మాటలేవీ అడగకుండా నేరుగా విషయంలోకి దిగింది. అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒక ముసలామెను తీసుకొచ్చారట. చేపలమ్ముకుని బతికే మనిషి. తడి గచ్చు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆమె వెంట ఇద్దరు మనవరాళ్ళు కూడా వచ్చారు. ఇంటి దగ్గర వాళ్ళను చూసేవాళ్ళు ఎవరూ లేరు మరి. తల్లి పచ్చకామెర్లతో పోయింది. తండ్రి గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళి తిరిగి రాలేదు. అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. ముసలామెకు ఒక కొడుకున్నాడు గానీ, అతనూ మంగుళూరు బోట్లలోనే తిరుగుతున్నాడు.

పిల్లలిద్దరూ అమ్మమ్మ మంచం కిందే పడుకుంటున్నారని వార్డులోవాళ్ళు పిల్లల సంరక్షణ చూసే అధికారులకు కబురు చేశారు. వాళ్ళు వచ్చి మంచిగానే మాట్లాడారు. కాకపోతే చిన్నదాని వయసు పిల్లలను ఉంచేది శిశుగృహంలో, పెద్దదాని వయసు ఆడపిల్లలను ఉంచేది బాలసదనంలో. రెండూ వేర్వేరు చోట్లు.

"ఆ మాట పెద్దదాని చెవిన పడిందమ్మా. పొద్దున్న డ్యూటీకి వెళ్ళి చూద్దును కదా, చెల్లెలి గౌను అంచుని తన పరికిణీ అంచుకి ముడేసుకుని పడుకుంది" అని చెప్పింది మా అమ్మాయి.

మాది రావులపాలేనికి దగ్గర్లో కాలువ గట్టు మీది ఊరు. మావారు అరటి మార్కెట్‌లో గుమాస్తా. నేను మా ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఒక్కగానొక్క కూతురు ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఇద్దరమే మిగిలాం. ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతంతా చెప్పాను. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, అమ్మాయి గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చారు. "ఈ గదిలో రెండో మంచం పడుతుందంటావా?" అని అడిగారు. మా ఇంట్లో ఆ విషయం మీద జరిగిన చర్చ అంతే.

మేం అనుకున్నంత తేలిగ్గా పిల్లలను ఇవ్వరని ఆ పిల్లల సంరక్షణ ఆఫీసుకు వెళ్ళాక తెలిసింది. అక్కడి మేడం గారు నాకంటే చిన్నామె. ఓపిగ్గా చెప్పింది. ఇది దత్తత కాదు, ఫోస్టర్ కేర్ అంటారు. పిల్లలు మీ ఇంట్లో పెరుగుతారు గానీ మీ పిల్లలు అయిపోరు. వాళ్ళ సొంతవాళ్ళు నిలదొక్కుకున్న రోజున పంపించెయ్యాలి.

"చాలామంది తెచ్చుకునేటప్పుడు సంతోషంగానే తెచ్చుకుంటారండి. పంపించేటప్పుడు మీరు తట్టుకోగలరా?" అని నా మొహంలోకి చూసి అడిగింది.

ఏటా అయిదో తరగతి పిల్లలను పై బడికి పంపించేదాన్నేనండి అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆ తరవాత ఆమె మా ఇల్లు చూసింది. వంటింట్లో నీళ్ళెలా వస్తున్నాయో, పిల్లలు ఎక్కడ పడుకుంటారో, మావారికి మందు అలవాటుందో లేదో అన్నీ అడిగింది. ఇరుగుపొరుగులను కూడా కనుక్కుంది. పిల్లలను ఎవరికివ్వాలో తేల్చే సంక్షేమ కమిటీ ముందుకు పిలిచిన రోజున అక్కడి పెద్దావిడ అసలు ప్రశ్న అడిగింది. మేం లూథరన్ క్రైస్తవులం. ఆ పిల్లలు గంగమ్మను కొలిచే ఇంటివాళ్ళు. మరి ఎలా?

నాకంటే ముందు మావారు అందుకున్నారు. "వాళ్ళ అమ్మమ్మ ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోమంటే ఆ దేవుడికే పెట్టుకుంటారండి. మా ప్రార్థన మేం చేసుకుంటాం. భోజనం మాత్రం అందరం కలిసే చేస్తాం." మార్కెట్‌లో గెలల బేరం తప్ప నలుగురిలో నోరు విప్పని మనిషి అంత స్పష్టంగా చెబుతారని నేను అనుకోలేదు.

వానాకాలం మొదట్లో పిల్లలు మా ఇంటికి వచ్చారు. పెద్దదానికి పదేళ్ళుంటాయి, చిన్నదానికి నాలుగు. చిన్నది అక్క చంకలోంచి దిగలేదు. ఆ పెద్దదేమో అంత బరువునీ మోస్తూ, మేం ఏం అడిగినా "ఆయ్, అక్కర్లేదండి" అనేది. మంచినీళ్ళు కావాలా అంటే అక్కర్లేదండి. ఫ్యాను వెయ్యనా అంటే అక్కర్లేదండి.

చెల్లెలికి స్నానం తనే చేయించేది. జడ తనే వేసేది. అన్నం కలిపి తనే తినిపించి, మిగిలింది ఆ కంచంలోనే తను తినేది. నేను చిన్నదాని దగ్గరికి వెళ్తే ఏదో పని ఉన్నట్టు మధ్యలోకి వచ్చి నిలబడేది. దురుసుగా ఎప్పుడూ ఉండేది కాదు. "మీకెందుకండి శ్రమ" అనేది, ముసలమ్మలు అన్నట్టు. నేను తనని మా బడిలోనే అయిదో తరగతిలో చేర్చాను. చిన్నది పక్కనే అంగన్‌వాడీకి వెళ్ళేది. గంట కొట్టగానే పెద్దది మిగతా పిల్లలతో ఆటకు పోకుండా అంగన్‌వాడీ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడేది.

కొన్నాళ్ళకు దాని పుస్తకాల సంచీలోంచి వాసన వచ్చింది. చూస్తే మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, సగం కొరికినది, కాగితంలో చుట్టి ఉంది. చెల్లెలి కోసం దాచి మరిచిపోయింది. ఇంట్లో కావలసినంత తిండి ఉండగా ఇదేమిటని నాకు మొదట మనసు చివుక్కుమంది. మావారు మాత్రం, వాళ్ళ కడుపుకి ఆ సంగతి ఇంకా తెలియదు, తెలియడానికి టైం పడుతుంది అన్నారు. మర్నాడు మార్కెట్ నుంచి వస్తూ చక్రకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చి, చిన్నదానికి అందేంత ఎత్తులో కిటికీ చువ్వకి కట్టారు. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తెంపుకోండి అని పిల్లలకు చెప్పారు. మొదటి వారం ఆ పళ్ళు కట్టినవి కట్టినట్టే మాయమయ్యేవి. తొక్కలు మంచం కింద దొరికేవి. నేను ఏమీ అనకుండా ఊడ్చేదాన్ని. తరవాత తరవాత పళ్ళు మగ్గిపోయి కింద రాలడం మొదలుపెట్టాక, మా ఇద్దరికీ ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

దసరా సెలవుల్లో అనుకుంటాను, చిన్నది వంటింట్లో నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని "అమ్మా, ఆకలి" అంది. తెలిసి అన్నదో తెలియక అన్నదో. వెనకే ఉన్న పెద్దది దాని వీపు మీద ఫెడీమని కొట్టింది. చిన్నది గుక్కపెట్టి ఏడ్చింది. కొట్టిన పిల్ల అంతకంటే బెదిరిపోయి, గోడకు ఆనుకుని, ఇప్పుడు నేను తనని కొడతానని ఎదురుచూస్తున్నట్టు కళ్ళు మూసుకుంది. నేను ఇద్దర్నీ కూర్చోబెట్టి, మీ అమ్మ మీ అమ్మే, ఆ పేరు నేను తీసుకోను అని చెప్పాను. అప్పటినుంచి వాళ్ళు నన్ను ఏమనీ పిలిచేవాళ్ళు కాదు. బడిలో టీచరుగారు. ఇంట్లో మాత్రం ఎదురుగా వచ్చి నిలబడితే పిలిచినట్టు.

సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకు పెద్దదానికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, పొద్దుటికల్లా ఒంటి నిండా పొక్కులు లేచాయి. ఆటలమ్మ. మా అమ్మాయి ఫోన్‌లో ఖచ్చితంగా చెప్పింది, చిన్నదాన్ని దూరం పెట్టమని. డాక్టరు గారు కూడా అదే మాట చెప్పి మందులు రాసిచ్చారు. అమ్మమ్మకు కబురు చేశాం. అప్పటికి ఆమె చేతికర్ర సాయంతో నడుస్తోంది. వాళ్ళ ఊళ్ళో ఒక దూరపు చుట్టం పంచన ఉంటోంది. ఆటోలు మారి మారి మధ్యాహ్నానికి మా గుమ్మంలో దిగింది. చంకలో పెద్ద వేపమండల కట్ట ఉంది.

గుమ్మం దాటకుండా అక్కడే నిలబడి, "టీచరు గారండి, మా ఇళ్ళల్లో దీన్ని అమ్మవారంటామండి. వేపాకు పరవాలండి. తాలింపు పెట్టకూడదు, నీసు వండకూడదు. మీ ఇంట్లో ఇవన్నీ చెయ్యొచ్చో లేదో మరి" అంది.

ఇల్లు వాళ్ళది కూడానండి, లోపలికి రండి అన్నాను. పిల్ల పక్క నిండా వేపాకు పరిచాం. డాక్టరు గారి మందు వేళకు నేనిచ్చాను. చలివిడి చేసి ఆవిడ పెట్టింది. తాలింపు చప్పుడు లేని వంటిల్లు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. మావారు చప్పటి పప్పు, పెరుగన్నం మారు మాట్లాడకుండా తిన్నారు. ఆ ఆదివారం మేం చర్చికి రాలేదని మా పాస్టరు గారు సైకిలు మీద వచ్చారు. గుమ్మానికి కట్టిన వేపమండలు చూసి ఆగారు. సంగతి చెప్పాను. ఆయన చెప్పులు విప్పి, అరుగు మీద నిలబడే పిల్ల కోసం ప్రార్థన చేశారు. లోపలినుంచి ముసలామె కూడా చేతులు జోడించింది. ఎవరి పద్ధతీ ఎవరికీ అడ్డం రాలేదు.

అసలు కష్టం చిన్నదానితో వచ్చింది. అక్క పెడితే తప్ప తిననని నోరు బిగించుకుంది. అమ్మమ్మ ముద్ద పెట్టినా ఉమ్మేసింది. నేను కంచం పట్టుకుని దాని వెనక పెరడంతా తిరుగుతుంటే, గది కిటికీలోంచి పెద్దదాని గొంతు వినిపించింది. నీరసంగా ఉంది, అయినా అధికారం తగ్గలేదు.

"ముద్దలు అంత పెద్దవి చెయ్యకండి. మధ్యలో నీళ్ళివ్వకండి, కక్కుకుంటది. కథ చెప్పాలండి. చేపపిల్ల కథ."

"నాకు ఆ కథ రాదే. నువ్వే చెప్పు, నేను ముద్దలు పెడతాను" అన్నాను.

అలా మొదలైంది. కిటికీకి అటు పక్క మంచం మీద అది, ఇటు పక్క అరుగు మీద నేనూ చిన్నదీ. పొక్కులతో వాచిన మొహంతో చువ్వల్లోంచి చూస్తూ అది కథ చెప్పేది. పులసంత గొప్పదాన్ని అవుతానని గోదావరికి ఎదురీదిన ఒక చిన్న చేపపిల్ల కథ. కథ నడిచినంతసేపూ చిన్నది నా చేతి ముద్దలు మింగేది. రెండో రోజూ అంతే. ఆ మర్నాడు మధ్యాహ్నం చేపపిల్ల ఆనకట్ట దాకా వచ్చేసరికి కిటికీలోంచి మాట ఆగిపోయింది. తొంగి చూస్తే అది నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు బారజాపుకుని, మా ఇంటికి వచ్చాక మొదటిసారి చెల్లెలిని ఎవరో ఒకరు చూసుకుంటారన్న ధీమాతో నిద్రపోతోంది. చిన్నది నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, ఆ తరవాతేమైందని. మిగతా కథ నాకు తోచినట్టు నేనే చెప్పాను. కంచం ఖాళీ అయింది.

ఆ పిల్ల అలా నిద్రపోవడం చూసినప్పుడు నాలో కలిగినదానికి కృతజ్ఞత అని తప్ప వేరే పేరు పెట్టలేను. ఎవరో మనకు ఇంత విలువైనది అప్పగించి, నమ్మి కళ్ళు మూసుకోవడం అంత చిన్న విషయం కాదు.

ఆ సాయంత్రం పెరట్లో ముసలామె, నేను పిల్ల స్నానానికి వేపాకు దూస్తూ కూర్చున్నాం. ఆవిడ చాలాసేపు ఏదో నాన్చి, చివరికి అంది. "పిల్లలు మిమ్మల్ని ఏమని పిలవాలో తెలీక నలుగుతున్నారండి. మా అమ్మాయికి అక్క ఉండుంటే పెద్దమ్మ అనేవోరు. మీకు అభ్యంతరం లేదంటే అలా పిలవమని చెప్తానండి."

"అలాగైతే మీరు నాకు అమ్మ అవుతారు కదండీ" అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. వేపాకు దూస్తూనే, "అవుతాను మరి. ఇంక నన్ను అండీ అనమాక" అంది.

మా అమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను లేచి పొయ్యి చూసే నెపంతో లోపలికి వెళ్ళాను.

తలకు నీళ్ళు పోశాక పెద్దది మారిందంటే ఒక్కరోజులో మారలేదు. చెల్లెలి జడ వేయడానికి నాకు దువ్వెన ఇచ్చేది గానీ, పాపిడి వంకరైతే మళ్ళీ విప్పి తనే వేసేది. అయితే బడిలో గంట కొట్టాక అంగన్‌వాడీ కిటికీ దగ్గర నిలబడటం తగ్గింది. ఒకరోజు స్టాఫ్ రూంలోంచి చూస్తే కోకో ఆటలో దొరికిపోయి, తను అవుట్ కాలేదని తోటి పిల్లలతో గట్టిగా పోట్లాడుతోంది. మా హెడ్మాస్టరు గారు మందలించబోతే, కాస్త పోట్లాడనివ్వండి సార్ అని బతిమాలుకున్నాను. అక్కర్లేదండి అని తప్ప ఇంకో మాట అనడం తెలియని పిల్ల, నాది నాకు కావాలని అరుస్తుంటే, నాకు ఆపబుద్ధి కాలేదు.

చిన్నది మావారి స్కూటరు మీద ముందు నిలబడి మార్కెట్‌కి వెళ్ళడం మరిగింది. గెలలు దించే హమాలీలు దానికి కర్పూరం పళ్ళు ఇచ్చేవారు. ఇంటికొచ్చి ఏ గెల ఏ ఊరిదో మాకు పాఠం చెప్పేది. చీకటిపడితే గాని ఇల్లు చేరని మావారు, దానికి నిద్ర వేళవుతుందని పెందలాడే రావడం నేర్చుకున్నారు. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట మీద జరగనిది అది.

అలా మూడు వేసవులు గడిచాయి. సెలవులకు మా అమ్మాయి వస్తే ముగ్గురూ ఒకే గదిలో పడుకుని అర్థంలేని నవ్వులు నవ్వేవాళ్ళు. అమ్మమ్మ వచ్చినప్పుడల్లా ఎండు రొయ్యలు తెచ్చేది.

తరవాత పిల్లల మేనమామ తిరిగొచ్చాడు. సముద్రం మీద పని మానేసి, ఊళ్ళోనే రొయ్యల చెరువుల దగ్గర ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, తల్లిని తన దగ్గర పెట్టుకున్నాడు. భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "అక్క పిల్లలండి. తీసుకెళ్తానని అడగడానికి నాకు నోరు రావట్లేదండి. అడక్కపోతే అక్కకి మొహం చూపించలేను" అన్నాడు. ఆ అమ్మాయి, అతని భార్య, మా చిన్నదాన్ని దగ్గరికి తీసుకునే తొందర పడకుండా, దాని బొమ్మ గురించి అడిగింది. అది చూసి నా మనసు కొంత కుదుటపడింది.

కమిటీవాళ్ళు తొందరపెట్టలేదు. ముందు శని ఆదివారాలు, తరవాత సెలవులు, అలా కొద్దికొద్దిగా అలవాటు చేశారు. మేడం గారు వాళ్ళ ఇంటికీ వెళ్ళి చూసొచ్చింది. వెళ్ళే రోజు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం పెద్దది నా పక్కన కూర్చుని బీరకాయలు చెక్కుతూ అడిగింది.

"మేం వెళ్ళిపోతే మీకు బాధేనా పెద్దమ్మా?"

లేదు అని చెప్పబోయాను. అబద్ధం చెబితే అది కనిపెడుతుంది. "బాధేనమ్మా" అన్నాను. "కానీ మీరు వెళ్ళడం మంచిదే. ఆ రెండూ నిజమే."

అది ఇంకో బీరకాయ అందుకుని, "నాకూ అంతేనండి, రెండూనూ" అంది.

మేనమామ ఆటో తెచ్చిన రోజున చిన్నది ఏడ్చింది. పెద్దది ఏడవలేదు గానీ, ఆటో కదిలాక వెనక్కి తిరిగి మలుపు దాకా చూస్తూనే ఉంది. మావారు ఆ రోజు మార్కెట్‌కి వెళ్ళలేదు. మేడం గారు సాయంత్రం ఫోన్ చేసి, ఎలా ఉన్నారండి అని అడిగితే, కిటికీకి కట్టిన పళ్ళు ఇంక ఎవరు తెంపుకుంటారండి అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టకుండా అలాగే ఉంది. అయిదో తరగతి పిల్లలను పంపడం, ఇదీ ఒకటి కాదని ఆవిడకు మొదటే తెలుసు. ఆ మాట ఆ రోజు ఎత్తకపోవడం ఆవిడ మంచితనం.

ఇప్పుడు పెద్దది రాజోలులో ఇంటర్ చదువుతోంది. మా అమ్మాయిలాగే నర్సింగ్ చేస్తానంటోంది. చిన్నది హైస్కూల్లో పడింది. ఆదివారాలు వీడియో కాల్ చేసి, నాతో రెండు ముక్కలు మాట్లాడి, పెదనాన్నకి ఇవ్వండి అంటుంది. అమ్మమ్మ ఇంకా ఉంది. చెవులు సరిగా వినపడవు. ఫోన్‌లో అరిచి మాట్లాడుతుంది.

కిందటి నెల మేడం గారు మళ్ళీ కబురు పెట్టింది, ఒక ఏడేళ్ళ పిల్ల ఉంది, మీరు చూసుకోగలరా అని. మా వయసు, మోకాళ్ళ నొప్పులు, నా రిటైర్మెంట్ ఇవన్నీ నేను లెక్కవేసుకుంటుండగానే, మావారు సరేనండి అని చెప్పేశారు. ఆ సంగతి పెద్దదానికి ఫోన్ చేసి చెప్పాను. కొత్త పిల్ల వస్తోంది, ఏం చెయ్యమంటావు అని నవ్వుతూ అడిగాను. అది నవ్వకుండా జవాబు చెప్పింది.

"మొదటి రోజు ఏమీ అడక్కండి పెద్దమ్మా. బాత్రూం ఎక్కడుందో చూపించండి, లైటు స్విచ్ ఎక్కడుందో చూపించండి. అది తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. మీరు మంచోళ్ళని దానికి అప్పుడే తెలియక్కర్లేదు."

నేను ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇంత పనికొచ్చే పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. కొత్త పిల్ల వచ్చిన రోజున సరిగ్గా అది చెప్పినట్టే చేశాను. ఆ పిల్ల ఇంకా మాతో పెద్దగా మాట్లాడదు. నిన్న మాత్రం మావారు స్కూటరు తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి, ఎక్కడికి అని అడిగింది. మార్కెట్‌కి, వస్తావా అంటే, రేపొస్తాను అంది.